విండోస్ అప్‌డేట్ మీ టైముకి రావాలంటే ఏం చేయాలి

"అప్‌డేట్లు పూర్తిగా ఆపేయడం ఎలా" అని వెతకడంతోనే చాలామంది మొదలుపెడతారు. ఆపే దారులు లేకపోలేదు, కానీ అవేవీ ఎక్కువ కాలం నిలవవు. సర్వీసుల్లోకి (వెనకాల నడిచే ప్రోగ్రాముల జాబితా) వెళ్లి విండోస్ అప్‌డేట్‌ని డిసేబుల్ చేస్తే కొన్నాళ్లకి అది మళ్లీ నడుస్తూ కనిపిస్తుంది. ఆగిపోయిన అప్‌డేట్ సర్వీసును బాగుచేసి లేపడానికే విండోస్ అప్‌డేట్ మెడిక్ సర్వీస్ అని లోపల ఇంకొకటి ఉంది. ఇళ్లలో ఉండే హోమ్ ఎడిషన్‌లో గ్రూప్ పాలసీ ఎడిటర్ (విండోస్ లోపలి నియమాలు మార్చే పనిముట్టు) ఉండదు కాబట్టి ఆఫీసు కంప్యూటర్లకి చెప్పే చిట్కాలు ఇంట్లో పనిచేయవు. ఒకవేళ నిజంగానే ఆపగలిగినా, లోపాలు ఊరందరికీ తెలిసిపోయిన మెషీన్ మీద బ్యాంకు పాస్‌వర్డులు కొడుతున్నట్టు లెక్క.

ఆపడానికి పడే శ్రమలో సగం పడితే చాలు, అప్‌డేట్ ఎప్పుడు ఎక్కాలో మీరే నిర్ణయించుకోవచ్చు. కింద చెప్పినవి విండోస్ 11 హోమ్‌కి సరిపోతాయి. 10లో మెనూలు కాస్త అటూ ఇటూగా ఉంటాయి.

ముందు ఏది ఎప్పుడు వస్తుందో తెలుసుకోండి

నెలవారీ సెక్యూరిటీ అప్‌డేట్ ప్రతి నెలా రెండో మంగళవారం వస్తుంది, అమెరికా పసిఫిక్ టైము ప్రకారం ఉదయం 10 గంటలకి. 2003 నుంచీ ఇదే పద్ధతి. ఇది క్యుములేటివ్, అంటే పోయిన నెలలవన్నీ ఈ నెలదాంట్లోనే కలిసి ఉంటాయి. రెండు నెలలు వదిలేసినా మూడోదొక్కటి వేస్తే సరిపోతుంది. కాకపోతే అందులో మీకు నచ్చినవి మాత్రం ఏరుకుని వేసుకునే వీలుండదు.

నెల చివర్లో ప్రివ్యూ అని ఇంకొకటి వస్తుంది. వచ్చే నెల ఇవ్వబోయే మార్పులే ఇందులో ముందుగా ఉంటాయి, సెక్యూరిటీకి సంబంధించి కొత్తగా ఏమీ ఉండదు. మీకున్న సమస్య ఏదైనా అందులో సరిచేశామని ప్రత్యేకంగా చెప్తే తప్ప దాని జోలికి పోకండి. ఇంటి కంప్యూటర్‌కి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఏడాదికోసారి, ద్వితీయార్ధంలో, ఫీచర్ అప్‌డేట్ వస్తుంది. వెర్షన్ నంబరు మారేది దీంతోనే. హోమ్ ఎడిషన్‌లో ఒక్కో వెర్షన్‌కి 24 నెలల సపోర్టు ఉంటుంది. కాబట్టి కొత్తది వచ్చిన వారంలోనే ఎక్కించాలన్న తొందర అక్కర్లేదు. విండోస్ అప్‌డేట్ పేజీలో "డౌన్‌లోడ్ అండ్ ఇన్‌స్టాల్" అని విడిగా కనిపిస్తుంది, మీరు నొక్కేదాకా సాధారణంగా అలాగే ఉంటుంది. పాత వెర్షన్ గడువు దగ్గరపడ్డాక మాత్రం అదే దిగిపోతుంది. రెండు మూడు నెలలు ఆగడం మంచిదని మా అభిప్రాయం. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 ఫీచర్ అప్‌డేట్ సంగతే చూడండి: డాక్యుమెంట్స్ లాంటి ఫోల్డర్లను వేరే చోటికి మళ్లించుకున్న కొందరి మెషీన్లలో పాత చోట మిగిలిన ఫైళ్లను అది తుడిచేసింది. కొద్ది రోజుల్లోనే దాన్ని ఆపేసి, సరిచేసి నవంబరు 13న మళ్లీ విడుదల చేశారు. నష్టపోయింది మొదటి వారంలో తొందరపడ్డవాళ్లే.

డిఫెండర్ (విండోస్ సొంత యాంటీవైరస్) కొత్త వైరస్‌లను గుర్తుపట్టడానికి వాడే డెఫినిషన్లు రోజుకి కొన్నిసార్లు వస్తుంటాయి. అవి చిన్నవి, రీస్టార్ట్ అడగవు. వాటిని పట్టించుకోకండి.

ఒక్కసారి కూర్చుని మార్చాల్సిన సెట్టింగులు

సెట్టింగ్స్ తెరిచి విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్లండి.

1. అక్కడ "లేటెస్ట్ అప్‌డేట్స్ దొరకగానే ఇవ్వు" అన్న అర్థంతో ఒక స్విచ్ ఉంటుంది. దాన్ని ఆఫ్‌లో పెట్టండి. ఇది ఆన్‌లో ఉంటే ఇందాక వద్దనుకున్న ప్రివ్యూలు, కొత్త ఫీచర్లు అందరికంటే ముందు మీ నెత్తిన పడతాయి. నెలవారీ సెక్యూరిటీ అప్‌డేట్‌కి దీనితో సంబంధం లేదు, అది ఎలాగూ వస్తుంది.

2. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో యాక్టివ్ అవర్స్ చూడండి. "ఆటోమేటిక్" అని ఉంటే మీ వాడకాన్ని బట్టి విండోసే ఊహించుకుంటుంది, ఆ ఊహ తప్పడం మామూలే. మాన్యువల్‌గా మార్చండి. గరిష్ఠంగా 18 గంటలు ఇస్తారు, ఆ పద్దెనిమిదీ వాడుకోండి. ఉదాహరణకి పొద్దున్న 7 నుంచి రాత్రి 1 దాకా. ఆ గంటల్లో దానంతటది రీస్టార్ట్ కాదు. మిగిలిన ఆరు గంటల్లో మాత్రం అవుతుంది కాబట్టి, రాత్రంతా నడవాల్సిన వీడియో ఎక్స్‌పోర్ట్ లాంటి పనులున్న రోజు అప్‌డేట్‌ని పాజ్‌లో పెట్టుకోవాలి.

3. అదే పేజీలో, రీస్టార్ట్ అవసరమైనప్పుడు నాకు చెప్పు అన్న నోటిఫికేషన్ స్విచ్ ఆన్ చేయండి. ఇది ఆఫ్‌లో ఉంటే చెప్పాపెట్టకుండా రీస్టార్ట్ అయినట్టు అనిపించవచ్చు.

4. పాజ్. సాధారణంగా 5 వారాల దాకా పెట్టుకోవచ్చు. గడువు అయిపోయాక ఉన్న అప్‌డేట్లన్నీ వేశాకే మళ్లీ పాజ్ చేయనిస్తుంది. పద్ధతిగా వాడాలంటే రెండో మంగళవారానికి ముందురోజు ఒక వారం పాజ్ పెట్టండి. ఆ వారంలో కొత్త అప్‌డేట్ ఎవరి ప్రింటర్‌ని ఆపింది, ఎవరి మెషీన్‌ని పడగొట్టింది అన్నది బయటపడిపోతుంది. తర్వాత తీరిక ఉన్న రోజు పాజ్ తీసి వేసుకోండి. ఐదు వారాలూ లాగడం మాత్రం మంచి అలవాటు కాదు. ఈ నెల సరిచేసిన లోపాన్ని అప్పటికే దొంగలు వాడుతున్నారని వార్తల్లో వస్తే ఆ వారం కూడా ఆగొద్దు.

5. నెట్ డేటాకి పరిమితి ఉంటే నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లో మీ వైఫై ప్రాపర్టీస్ తెరిచి "మీటర్డ్ కనెక్షన్" ఆన్ చేయండి. ఫోన్ హాట్‌స్పాట్‌కి ఇది తప్పనిసరి. పెద్ద అప్‌డేట్లు ఆగుతాయి, విండోస్ తప్పదనుకున్నవి ఏవో కొన్ని దిగుతాయి. వన్‌డ్రైవ్ సింక్ కూడా ఆగిపోవచ్చు, ఫైళ్లు ఎందుకు ఎక్కట్లేదని తర్వాత తికమక పడకండి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోని డెలివరీ ఆప్టిమైజేషన్ కూడా చూడండి. ఇంటర్నెట్‌లోని వేరే కంప్యూటర్లతో పంచుకోమని ఉంటే మీ అప్‌లోడ్ కూడా ఖర్చవుతుంది. ఇంట్లో రెండు మూడు కంప్యూటర్లుంటే "లోకల్ నెట్‌వర్క్‌లోని డివైసెస్" అన్నది ఉంచుకోండి. ఒకటి దింపుకున్నది రెండోదానికి ఇస్తుంది, డేటా మిగులుతుంది.

6. స్లీప్‌లో పెట్టిన కంప్యూటర్ అర్ధరాత్రి దానంతటది లేస్తోందా? కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, మీ ప్లాన్ సెట్టింగులు, అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగులు, స్లీప్, "అలౌ వేక్ టైమర్స్" దగ్గర డిసేబుల్ పెట్టండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ ఆప్షనే కనిపించదు. బ్యాగులో పెట్టే ముందు వాటిని స్లీప్‌లో కాకుండా షట్‌డౌన్ చేయడమే దారి.

అప్‌డేట్ వేసే రోజు

సీ డ్రైవ్‌లో ఖాళీ చూడండి. నెలవారీదానికి 10 జీబీ ఉంటే ఇబ్బంది ఉండదు, ఫీచర్ అప్‌డేట్‌కి 20 జీబీ పెట్టుకోండి. చోటు చాలకపోతే సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌లో "విండోస్ అప్‌డేట్ క్లీనప్" టిక్ పెట్టి తీసేయండి, ఒక్కోసారి కొన్ని జీబీలు వస్తాయి. ఆ జాబితాలోనే "డౌన్‌లోడ్స్" ఫోల్డర్ కూడా ఉంటుంది. దానికి టిక్ ఉందేమో ఒకటికి రెండుసార్లు చూడండి, అది మీ సొంత ఫైళ్లు.

తర్వాత రికవరీ కీ. అప్‌డేట్ తర్వాత నీలం తెర మీద 48 అంకెల బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాటు) కీ అడగడం జనం బాగా బెదిరిపోయే సందర్భం, ఎందుకంటే తాము బిట్‌లాకర్ పెట్టుకున్నట్టే చాలామందికి తెలీదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేసిన చాలా కొత్త మెషీన్లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయి ఉంటుంది. డిస్క్ తాళంచెవి మదర్‌బోర్డు మీది టీపీఎం అనే భద్రతా చిప్‌లో ఉంటుంది. అప్‌డేట్‌తో పాటు బయోస్ (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) గానీ బూట్ ఫైళ్లు గానీ మారితే, ఇది పాత మెషీనేనా అని చిప్‌కి అనుమానం వచ్చి తాళంచెవి ఇవ్వదు. అప్పుడు మిమ్మల్నే అడుగుతుంది. కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ వెబ్ పేజీలో, మీ కంప్యూటర్ పేరు కింద దొరుకుతుంది. ముందే తెరిచి కాగితం మీద రాసుకోండి, పక్కనే ఉండే కీ ఐడీ మొదటి 8 అక్షరాలు కూడా. అడిగే తెర మీద అదే ఐడీ కనిపిస్తుంది, రెండూ కలిస్తేనే అది సరైన కీ. ఆ కాగితాన్ని ల్యాప్‌టాప్ బ్యాగులో మాత్రం పెట్టకండి. ఈ కీ లేకపోతే డిస్క్‌లోని ఫైళ్లను రిపేరు చేసేవాళ్లు కూడా తీయలేరు.

ముఖ్యమైన ఫైళ్లు బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసి, డ్రైవ్ పీకేయండి. ఆ తర్వాత స్టార్ట్‌లో "క్రియేట్ ఎ రీస్టోర్ పాయింట్" అని టైప్ చేసి, సీ డ్రైవ్‌కి ప్రొటెక్షన్ ఆన్‌లో లేకపోతే ఆన్ చేసి, 5 శాతం చోటిచ్చి, ఒక పాయింట్ సృష్టించండి. రీస్టోర్ పాయింట్ మీ ఫొటోలను కాపాడదు, సిస్టమ్ ఫైళ్లు, డ్రైవర్లు, ప్రోగ్రాములు, సిస్టమ్ సెట్టింగులనే వెనక్కి తెస్తుంది. విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌లో అది 60 రోజులకి మించి ఉండదు కూడా.

ఇప్పుడు ఒకసారి రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం కాదు, రీస్టార్టే. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్న మెషీన్‌లో షట్‌డౌన్ అంటే విండోస్ లోపలి స్థితిని డిస్క్ మీద దాచిపెట్టి పడుకోవడమే, పాత చెత్త అంతా అలాగే తిరిగొస్తుంది. రీస్టార్ట్‌తోనే నిజంగా మొదటి నుంచి లేస్తుంది. సగంలో ఆగే అప్‌డేట్లలో కొన్ని ఈ ఒక్క పనితోనే దారికొస్తాయి.

పెన్ డ్రైవ్‌లు, మెమరీ కార్డులు తీసి, ల్యాప్‌టాప్‌కి చార్జర్ పెట్టి, అప్పుడు "చెక్ ఫర్ అప్‌డేట్స్" నొక్కండి. "అప్‌డేట్ అండ్ షట్‌డౌన్" ఎంచుకుంటే మధ్యలో ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ అయ్యాకే ఆఫ్ అవుతుంది. పూర్తిగా ఆఫ్ అయ్యేదాకా మూత వేయకండి. వెంటనే వెళ్లిపోవాల్సి ఉంటే డెస్క్‌టాప్ మీద ఒకసారి క్లిక్ చేసి ఆల్ట్ + ఎఫ్4 నొక్కండి. అక్కడి జాబితాలో ఉత్త "షట్‌డౌన్" కూడా ఉంటే దాన్ని వాడుకోవచ్చు.

శాతం కదలడం లేదు

తెర మీది శాతం అంకెను పెద్దగా నమ్మకండి. ఒకే అంకె మీద అరగంట నిలబడి ఒక్కసారిగా ముందుకి దూకడం మామూలే. డిస్క్ లైటు మిణుకుతోందా, ఫ్యాన్ చప్పుడు మారుతోందా అన్నది చూడండి. ఎస్ఎస్‌డీ ఉన్న మెషీన్‌లో నెలవారీ అప్‌డేట్ చాలావరకు అరగంటలో అయిపోతుంది. పాత హార్డ్‌డిస్క్ అయితే గంట, రెండు గంటలు పట్టినా కంగారు పడక్కర్లేదు. ఫీచర్ అప్‌డేట్‌కి ఇంకా ఎక్కువ. మూడు నాలుగు గంటలైనా లైటు అసలు వెలగకపోతే అప్పుడు పవర్ బటన్‌ని 10 సెకన్లు నొక్కి పట్టుకుని ఆపి, మళ్లీ ఆన్ చేయండి. చాలాసార్లు విండోసే "మార్పులు వెనక్కి తీసుకుంటున్నాం" అని చెప్పి పాత స్థితికి వస్తుంది. ఆ వెనక్కి తీసుకునే పని జరుగుతుండగా మాత్రం మళ్లీ ఆపొద్దు, అసలు ప్రమాదం అక్కడే.

ఎర్రర్ కోడ్ వచ్చినప్పుడు

కోడ్‌ని ఫొటో తీసుకోండి, అంకెల్లో ఒక్కటి తేడా వచ్చినా అర్థం మారుతుంది. తరచుగా వచ్చేవి ఇవి. 0ఎక్స్80070070 అంటే డిస్క్‌లో చోటు లేదు. 0ఎక్స్800ఎఫ్0922 వస్తే వీపీఎన్ (నెట్‌ని వేరే సర్వర్ మీదుగా మళ్లించే యాప్) వాడుతుంటే ఆపి చూడండి. అయినా వస్తుంటే బూట్‌కి కేటాయించిన చిన్న పార్టిషన్‌లో ఖాళీ లేదని అనుమానించాలి. 0ఎక్స్సీ1900208 అంటే ఏదో ప్రోగ్రామ్ కొత్త వెర్షన్‌కి పడటం లేదు, ఎక్కువగా పాత యాంటీవైరస్. 0ఎక్స్సీ1900101తో మొదలయ్యేవన్నీ డ్రైవర్ తగాదాలు. 0ఎక్స్80073712 అయితే విండోస్ సొంత ఫైళ్లే పాడయ్యాయి.

కోడ్ ఏదైనా ఈ వరసలో వెళ్లండి, ఎక్కడ పని జరిగితే అక్కడ ఆగిపోండి.

మొదట సెట్టింగ్స్, సిస్టమ్, ట్రబుల్‌షూట్, అదర్ ట్రబుల్‌షూటర్స్‌లో విండోస్ అప్‌డేట్‌ది నడపండి. ఇది తేలిక పని, ఆశ మాత్రం తక్కువ పెట్టుకోండి.

తర్వాత, సగం దిగి పాడైన ఫైళ్లను తీసేయాలి. స్టార్ట్‌లో "సర్వీసెస్" అని కొట్టి తెరిచి, "విండోస్ అప్‌డేట్", "బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్" రెండింటి మీదా కుడి క్లిక్ చేసి స్టాప్ చేయండి. సీ డ్రైవ్, విండోస్, సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్, డౌన్‌లోడ్ ఫోల్డర్‌లోకి వెళ్లి లోపల ఉన్నవన్నీ డిలీట్ చేయండి, ఫోల్డర్‌ని ఉంచేయండి. "ఫైలు వాడకంలో ఉంది" అంటే సర్వీసు మళ్లీ లేచిందన్నమాట, ఇంకోసారి ఆపండి. అయ్యాక రీస్టార్ట్ చేసి మళ్లీ అప్‌డేట్ వెతకండి.

అదీ కుదరకపోతే సిస్టమ్ ఫైళ్ల మరమ్మతు. టెర్మినల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. మొదటి కమాండు: డిస్మ్, స్పేస్, స్లాష్ ఆన్‌లైన్, స్పేస్, స్లాష్ క్లీనప్ హైఫన్ ఇమేజ్, స్పేస్, స్లాష్ రీస్టోర్‌హెల్త్. "రీస్టోర్‌హెల్త్" ఒకే మాటగా, మధ్యలో ఖాళీ లేకుండా. ఇది మంచి ఫైళ్లను ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది కాబట్టి నెట్ ఉండాలి. మధ్యలో ఒకే శాతం దగ్గర చాలాసేపు నిలబడితే కట్టేయకండి. అది ముగిశాక రెండోది: ఎస్ఎఫ్‌సీ, స్పేస్, స్లాష్ స్కాన్‌నౌ, ఇదీ ఒకే మాట. వరస తిరగేయకూడదు. ఎస్ఎఫ్‌సీ పాడైన ఫైలు స్థానంలో పెట్టేది డిస్మ్ బాగుచేసే గోడౌన్‌లోంచి తీసిన కాపీనే. గోడౌన్ సరుకే పాడైతే అది కూడా ఏమీ చేయలేదు.

అన్నీ వేశాక ఏదో ఒకటి పనిచేయడం మానేసింది

ఎక్కువగా సౌండు, వైఫై, ప్రింటర్, గ్రాఫిక్స్. వీటికి కారణం చాలాసార్లు నెలవారీ అప్‌డేట్ కాదు, దానితో పాటే దిగిన డ్రైవర్. సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్, అప్‌డేట్ హిస్టరీలో "డ్రైవర్ అప్‌డేట్స్" కింద ఆ తేదీన ఏముందో చూడండి. ఉంటే డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్, "రోల్‌బ్యాక్ డ్రైవర్". ఆ బటన్ వెలిసిపోయినట్టు ఉంటే పాత డ్రైవర్ దాచి లేదని అర్థం. అప్పుడు ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ నంబరుకి ఇచ్చినదే దింపుకోండి. వైఫైయే పోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకుంటే నెట్ వస్తుంది.

డ్రైవర్ కాదని తేలితే అదే హిస్టరీ పేజీ అడుగున "అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్" ఉంది. కేబీతో మొదలయ్యే నంబరునీ తేదీనీ చూసి తాజాదాన్ని తీసేయండి. తీసిన వెంటనే పాజ్ పెట్టాలి, లేకపోతే రాత్రికి రాత్రే అదే అప్‌డేట్ తిరిగొస్తుంది. కొన్నిటి పక్కన తీసేసే బటన్ ఉండదు, అవి తీయడానికి వీల్లేనివి.

ఫీచర్ అప్‌డేట్ నచ్చకపోతే సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో "గో బ్యాక్" ఉంటుంది, 10 రోజుల వరకే. పాత విండోస్ మొత్తాన్ని సీ డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో దాచి ఉంచుతారు, గడువయ్యాక అదే చెరిగిపోతుంది. కాబట్టి ఆ పది రోజులు చోటు కోసం "ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్" తుడవకండి. ప్రింటర్, స్కానర్, వీడియో కాల్, మీరు రోజూ వాడే ప్రోగ్రాములు అన్నీ ఆ గడువులోపే ఒకసారి నడిపి చూసుకోవాలి. ఏడాదికోసారి తీసే పన్ను సాఫ్ట్‌వేర్ లాంటివి కూడా.

అసలు విండోసే రావట్లేదు

కంపెనీ లోగో కనిపించగానే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే రిపేర్ తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. నెలవారీది వేశాక ఆగితే "క్వాలిటీ అప్‌డేట్" తీయండి, వెర్షన్ మారాక ఆగితే "ఫీచర్ అప్‌డేట్". కాగితం మీద రాసుకున్న 48 అంకెలు ఇక్కడ అడగవచ్చు. తీసినా రాకపోతే అదే మెనూలో సిస్టమ్ రీస్టోర్‌తో మొన్న పెట్టుకున్న పాయింట్‌కి వెళ్లండి. "రీసెట్ దిస్ పీసీ" అన్నది కళ్లెదుటే పెద్దగా కనిపిస్తుంది, దాన్ని చివరికి ఉంచండి. "కీప్ మై ఫైల్స్" ఎంచుకున్నా మీరు వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి.

విండోస్ వస్తోంది గానీ అప్‌డేట్ మాత్రం ఎన్ని చేసినా ఎక్కకపోతే రీసెట్ కంటే మెరుగైనది ఒకటుంది. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో "ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్" పక్కన "రీఇన్‌స్టాల్ నౌ". ఉన్న వెర్షన్‌నే మళ్లీ దింపి పైన వేస్తుంది. ఫైళ్లు, ప్రోగ్రాములు, సెట్టింగులు అలాగే ఉంటాయి. కొన్ని జీబీల డేటా, చాలా గంటలు పడతాయి కాబట్టి రాత్రి పెట్టుకోండి.

విండోస్ 10లో ఉన్నవాళ్లకి

దీనికి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ తర్వాత అప్‌డేట్లు రావట్లేదంటే మెషీన్ పాడైనట్టు కాదు. విండోస్ అప్‌డేట్ పేజీలో ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌కి "ఎన్‌రోల్" లింకు కనిపిస్తే చేరండి, సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు అని ప్రకటించారు. చేరడానికి 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి. ఆ లింకు కనిపించకపోతే ముందు పెండింగులో ఉన్న అప్‌డేట్లన్నీ వేసి రీస్టార్ట్ చేసి చూడండి. 11కి మారదామంటే టీపీఎం 2.0, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్‌తో పాటు మద్దతు జాబితాలో ఉన్న ప్రాసెసర్ కావాలి, ఇంటెల్‌లో సుమారుగా 8వ తరం నుంచి. పీసీ హెల్త్ చెక్ యాప్ "టీపీఎం లేదు" అంటే వెంటనే నమ్మేయకండి. చాలా బోర్డుల్లో అది ఉండే ఉంటుంది, బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని వెతికి ఆన్ చేయండి.